యూరియా లైన్ నుంచి ఖతార్ ఓడ దాకా



2025 వానాకాలంలో మా మండలంలో సొసైటీ ముందు తెల్లారకముందే లైన్ కట్టారు. మనుషులు కూర్చోలేక చెప్పులు, పాస్‌బుక్కులు, రాళ్లు వరసగా పెట్టి చెట్టు కిందకి పోయారు. మా అత్త కూడా ఆ లైన్‌లోనే ఉంది. మూడెకరాల పోడు, పత్తి వేసింది. ఆ రోజు లారీ రాలేదు. మర్నాడు వచ్చింది గానీ మా అత్త వంతు వచ్చేసరికి బస్తాలు అయిపోయాయి.

నేను బండి మీద తీసుకొస్తుంటే వెనక కూర్చుని అడిగింది. "అల్లుడూ, డిగ్రీ చదివినోడివి గదా. ఈ యూరియా ఏడికెళ్లి వస్తదిరా? ఎందుకు రాలే?"

నేను గబుక్కున చెప్పాను. "చైనా ఆపిందంట అత్తా." టీవీలో విన్నదే చెప్పాను. అబద్ధం కాదు, చైనా నిజంగానే ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. కానీ అత్త వదల్లేదు. "మరి మన రామగుండంల చేస్తున్నరు గదా?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. అమ్మోనియా సమీకరణం బోర్డు మీద రాసి చూపించగలను. కానీ మా అత్త పొలంలో పడే ఆ తెల్ల గింజ ఎక్కడ మొదలవుతుందో ఎవరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు.

తర్వాత వెతికాను. వెతికితే దారి ఖతార్ దాకా పోయింది. అక్కడి నుంచి పాకిస్తాన్, బంగ్లాదేశ్, మొజాంబిక్ తిరిగి మళ్లీ మా ఊరి పక్క బొగ్గు గని దగ్గరికే వచ్చింది. ఆ దారి గురించే ఈ పోస్టు. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ గ్యాస్ ఏంటి?

మన ఇంట్లో సిలిండర్‌లో వచ్చేది ఎల్పీజీ. నేను చెప్పేది అది కాదు, సహజ వాయువు. అందులో ఎక్కువ భాగం మీథేన్. భూమి లోపల నుంచి, సముద్రం అడుగు నుంచి తీస్తారు. దగ్గరైతే పైపులో పంపుతారు. సముద్రాలు దాటించాలంటే దాన్ని మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. అప్పుడు అది నీళ్లలాగా ద్రవమైపోతుంది, ఉన్న జాగాలో ఆరొందలో వంతుకి తగ్గిపోతుంది. దాన్ని పెద్ద పెద్ద ఓడల్లో పోసి పంపుతారు. దాన్నే ఎల్ఎన్‌జీ అంటారు. ఇవతలి ఒడ్డున మళ్లీ వేడి చేసి గ్యాస్ చేసి పైపులోకి వదులుతారు.

యూరియా తయారయ్యేది ఈ గ్యాస్‌తోనే. గ్యాస్‌ని ఆవిరితో కలిపి హైడ్రోజన్ తీస్తారు, గాలిలోంచి నైట్రోజన్ తీస్తారు, రెండూ కలిపితే అమ్మోనియా. దానికి కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. యూరియా తయారీ ఖర్చులో ముప్పావు వంతు దాకా గ్యాస్ ఖర్చే. అంటే యూరియా బస్తా అంటే గట్టిపడిన గ్యాస్ అనుకోండి.

రామగుండం సంగతి అత్త అడిగింది కదా. అక్కడ పాత ఎరువుల కార్ఖానా 1980లో మొదలైంది. అది సింగరేణి బొగ్గుతో నడిచేది. సరిగ్గా నడవక నష్టాల్లో పడి 1999లో మూతపడింది. అదే చోట కొత్త ఫ్యాక్టరీ 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. ఇది నడిచేది గ్యాస్‌తో. పైపు కాకినాడ దగ్గర మల్లవరం నుంచి వస్తుంది. పైపు మనదే, ఫ్యాక్టరీ మనదే, పనోళ్లు మనవాళ్లే. కానీ దేశంలో వాడే గ్యాస్‌లో దాదాపు సగం బయటి దేశాల నుంచి వస్తున్నదే. ఎరువుల ఫ్యాక్టరీలు వాడే గ్యాస్‌లో అయితే దిగుమతి వాటా ఇంకా ఎక్కువ. పైగా 2015 నుంచి యూరియా ఫ్యాక్టరీలన్నిటికీ ఇక్కడి గ్యాస్, దిగుమతి గ్యాస్ కలిపి లెక్కగట్టి ఒకే ధరకి ఇస్తున్నారు. కాబట్టి పైపు ఎక్కడి నుంచి వచ్చినా ధర మాత్రం సముద్రం అవతల పెరిగితే ఇక్కడా పెరుగుతుంది.

మన దేశానికి ఓడల్లో గ్యాస్ రావడం 2004లో గుజరాత్‌లోని దహేజ్ దగ్గర మొదలైంది. ఖతార్‌తో 1999లో కుదిరిన పాతికేళ్ల ఒప్పందం, ఏడాదికి 75 లక్షల టన్నులు. 2024 ఫిబ్రవరిలో దాన్ని ఇంకో ఇరవై ఏళ్లకి పొడిగించారు. 2028 నుంచి 2048 దాకా. 2048 నాటికి నాకు యాభై ఏళ్లు దగ్గర పడతాయి. నా జీవితంలో సగం కాలానికి సంతకం అయిపోయింది, మా అత్తకి ఆ మాటే తెలియదు. ఖతార్ నుంచి వచ్చే ఓడలన్నీ హోర్ముజ్ జలసంధి అనే ఇరుకు దారిలోంచే రావాలి. 2024లో ప్రపంచంలో ఓడల మీద తిరిగిన ఎల్ఎన్‌జీలో దాదాపు ఐదో వంతు ఆ ఒక్క సందులోంచే పోయింది. అక్కడ తుపాకీ పేలితే ఇక్కడ సొసైటీ ముందు లైన్ పెరుగుతుంది.

ధర పెంచకపోతే దెబ్బ తగలదా?

కొందరు మిత్రులు అంటారు, "యూరియా బస్తా ధర ఏళ్ల నుంచి పెరగలేదు కదా, గ్యాస్ ధరతో రైతుకేం సంబంధం?" అని. నిజమే. 45 కిలోల బస్తా ధర పన్నులు, వేపపూత ఖర్చు కాకుండా 242 రూపాయలే. తేడా అంతా కేంద్రం సబ్సిడీగా కడుతుంది. రష్యా, ఉక్రెయిన్ యుద్ధం వచ్చిన 2022-23లో ఎరువుల సబ్సిడీ మొత్తం రెండున్నర లక్షల కోట్లు దాటింది. అదే సంవత్సరం గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ బడ్జెట్ సుమారు 8,450 కోట్లు. సబ్సిడీ తీసేయమని నేను అనడం లేదు. తీసేస్తే మొదట చచ్చేది మా అత్తలాంటోళ్లే. కానీ ఆ డబ్బులో పెద్ద భాగం రైతు దగ్గర ఆగదు, గ్యాస్ అమ్మేవాడికి పోతుంది. ధర కనిపించకుండా దాచినంత మాత్రాన దెబ్బ ఆగదు. అది సరుకు కొరతగా వస్తుంది, లైన్‌గా వస్తుంది. చేతిలో పట్టా ఉన్నోడికి ముందు, పట్టా రాని పోడు రైతుకి చివర. కౌలు రైతుకి అసలు లేదు.

2022లో ఇంకోటి జరిగింది. మన ప్రభుత్వ రంగ సంస్థ గెయిల్‌కి రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్‌తో దీర్ఘకాల ఒప్పందం ఉంది. సరఫరా చేయాల్సింది గాజ్‌ప్రోమ్‌కి చెందిన ఒక అనుబంధ సంస్థ. యుద్ధం వచ్చాక ఆ సంస్థ జర్మనీ చేతిలోకి పోయింది, మనకి రావాల్సిన ఓడలు ఆగిపోయాయి. దాంతో గెయిల్ ఎరువుల ఫ్యాక్టరీలకి కూడా గ్యాస్ కోత పెట్టింది. ఒప్పందం కాగితం మన చేతిలోనే ఉంది, ఓడ మాత్రం రాలేదు.

చౌకగా ఉన్నప్పుడు అలవాటు చేసి

గ్యాస్ వ్యాపారం అర్థం కావాలంటే మన ఏజెన్సీలో షావుకారిని గుర్తు చేసుకోండి. మొదటి ఏడు విత్తనాలు ఇస్తాడు, మందులు ఇస్తాడు, నవ్వుతూ ఇస్తాడు. పంట చేతికొచ్చేసరికి పత్తి వాడికే పోయాలి, వాడు చెప్పిన రేటుకే పోయాలి. మూడో ఏడుకి పొలం మనదైనా పంట మనది కాదు.

ఆసియా మార్కెట్లో ఎల్ఎన్‌జీ ధర 2020లో కరోనా రోజుల్లో ఒక యూనిట్‌కి 2 డాలర్ల కిందకి పడిపోయింది. 2022లో అదే యూనిట్ 70 డాలర్లు దాటింది. రెండేళ్లలో ఇంత తేడా. ఏ సామాను ధరైనా ఇట్లా ఎగిరితే పేదోడు కొనగలడా? పేద దేశం కూడా కొనలేదు.

పాకిస్తాన్ చూడండి. అక్కడ సొంత గ్యాస్ తగ్గుతుంటే 2015లో ఓడల గ్యాస్ మొదలుపెట్టారు. అప్పుడు ధర తక్కువ. చమురు కన్నా చౌక, బొగ్గు కన్నా శుభ్రం అని పెద్ద పెద్ద కరెంటు ప్లాంట్లు కట్టారు. 2021, 2022లో ధర పెరగ్గానే దీర్ఘకాల ఒప్పందం చేసుకున్న కంపెనీలు కొన్ని ఓడలు పంపకుండా ఎగ్గొట్టాయి. యూరప్ రష్యా గ్యాస్ పోయిందని ఎంత ధరకైనా కొంటుంటే ఓడలన్నీ అటు తిరిగాయి. 2022లో యూరప్ ఎల్ఎన్‌జీ దిగుమతులు దాదాపు 60 శాతం పెరిగాయి. మన దేశంతో సహా దక్షిణాసియా దిగుమతులు తగ్గాయి. ఆ ఏడాది జూలైలో పాకిస్తాన్ పది ఓడల గ్యాస్ కావాలని టెండర్ పిలిస్తే ఒక్క కంపెనీ కూడా రాలేదు. ఒక్కటి కూడా! అంత ఎండల్లో జనం గంటల తరబడి కరెంటు లేకుండా కూర్చున్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. కరెంటు బిల్లులు కట్టలేక అక్కడి జనం సొంతంగా సోలార్ పెట్టుకోవడం మొదలుపెట్టారు. 2024 ఒక్క ఏడాదిలో చైనా నుంచి దాదాపు 17 గిగావాట్ల ప్యానెళ్లు దిగుమతయ్యాయి. ఇళ్ల మీద, ఫ్యాక్టరీల మీద, బోరుబావుల పక్కన పెట్టుకున్నారు. దాంతో గ్రిడ్ కరెంటుకి గిరాకీ తగ్గింది, గ్యాస్‌కి గిరాకీ తగ్గింది. కానీ ఖతార్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారం సరుకు తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బు కట్టాల్సిందే. 2022లో కావాలంటే ఓడ రాలేదు, 2025లో వద్దంటే ఓడ ఆగలేదు. ఓడలు వాయిదా వేయమని బతిమాలుకోవాల్సి వచ్చింది. పైపుల్లో జాగా లేక సొంత బావుల్లో గ్యాస్ తీయడం తగ్గించుకున్నారు. సొంత ఇంట్లో ధాన్యం ఉంచుకుని షావుకారి ధాన్యం తిన్నట్టు. ఇక ప్యానెల్ కొనుక్కోలేని పేదోళ్లు గ్రిడ్ మీదే మిగిలిపోయి ఆ ప్లాంట్ల ఖర్చు మోస్తున్నారు.

బంగ్లాదేశ్‌ది ఇంకో బాధ. ఆ దేశానికి చాలా కాలం సొంత గ్యాసే సరిపోయేది. కరెంటు, ఎరువులు, బట్టల ఫ్యాక్టరీలు అన్నీ దాని మీదే. అది తగ్గుతుంటే 2018లో మహేశ్‌ఖాళీ దగ్గర సముద్రంలో తేలే టెర్మినల్ పెట్టి ఎల్ఎన్‌జీ తెచ్చుకున్నారు. 2022 జూలైలో ధర భరించలేక అప్పటికప్పుడు మార్కెట్లో కొనడం పూర్తిగా ఆపేశారు. డీజిల్ ప్లాంట్లు ఆపారు, ఊళ్లలో రోజూ కోతలు. తర్వాత 2023 మొదట్లో ఫ్యాక్టరీలకి గ్యాస్ రేటు ఒకేసారి భారీగా పెంచారు. అదే సమయంలో ఐఎంఎఫ్ దగ్గర 4.7 బిలియన్ డాలర్ల అప్పు తీసుకున్నారు. మనం వేసుకునే టీషర్టు కుట్టే ఆడపిల్ల జీతం కూడా ఎక్కడో గ్యాస్ ధరతో ముడిపడి ఉందన్నమాట.

మన గోదావరి ఒడ్డు కథ కూడా ఇదే కోవలోది, కాస్త వేరుగా. కృష్ణా గోదావరి బేసిన్‌లో 2002లో పెద్ద గ్యాస్ దొరికిందన్నారు. వేమగిరి, జేగురుపాడు, పెద్దాపురం, కొండపల్లి చుట్టూ గ్యాస్ కరెంటు ప్లాంట్లు లేచాయి. 2009లో సముద్రం నుంచి గ్యాస్ వచ్చింది. 2010 దాటాక దిగుబడి వేగంగా పడిపోయింది. ప్లాంట్లు ఖాళీగా నిలబడ్డాయి. దిగుమతి గ్యాస్‌తో నడుపుకోవచ్చు కదా అంటే, ఆ కరెంటు ధరకి డిస్కంలు కొనవు. దేశం మొత్తం మీద 14 వేల మెగావాట్లకి పైగా గ్యాస్ ప్లాంట్లు ఇట్లా చిక్కుకుపోయాయని పార్లమెంటరీ స్థాయీ సంఘమే లెక్క చెప్పింది. వాటికి అప్పులిచ్చిన బ్యాంకుల్లో ఎక్కువ మనందరి డబ్బు ఉన్న ప్రభుత్వ బ్యాంకులే. గ్యాస్ మీద లాభం కంపెనీలకి పోయింది. ప్రమాదం మాత్రం 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసుకుంది.

మనోళ్లలోనే ఒక వాదన

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇది రాయడానికి నాకు ధైర్యం కావాల్సి వచ్చింది, ఎందుకంటే వాదన బయటోళ్లతో కాదు, మనోళ్లతోనే.

మా మేనమామ వాళ్ల ఊరు ఓపెన్‌కాస్ట్ గనిలో పోయింది. ఊరు ఉన్న చోట ఇప్పుడు గొయ్యి ఉంది, పక్కన మట్టి గుట్ట ఉంది. చిన్నప్పుడు ఇప్పపూలు ఏరిన చెట్టు ఎక్కడుండేదో నేను ఇప్పుడు వేలు పెట్టి చూపించలేను. అందుకే మన సంఘాల మీటింగుల్లో చదువుకున్న తమ్ముళ్లు కొందరు అంటారు. "అన్నా, బొగ్గు అంటే మన అడవి పోవడం. గ్యాస్ అయితే ఓడలో వస్తది, మన చెట్టు కొట్టనక్కర్లేదు. ఎంత గ్యాస్ వస్తే మనకంత మంచిది కదా?"

ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. ఇందులో నిజం ఉంది. కాల్చే చోట గ్యాస్ బొగ్గు కన్నా శుభ్రమే. బూడిద ఉండదు, పొగ తక్కువ. పొద్దుగూకాక సోలార్ ఆగినప్పుడు గ్యాస్ ప్లాంట్‌ని త్వరగా నడపొచ్చు. కేంద్రం కూడా 2030 నాటికి దేశ ఇంధనంలో గ్యాస్ వాటాని 15 శాతానికి తీసుకెళ్తామంటోంది. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. పెద్దోళ్లు దీన్ని వంతెన అంటారు. బొగ్గు ఒడ్డు నుంచి సోలార్ ఒడ్డుకి పోవడానికి గ్యాస్ వంతెన అని.

వంతెనల గురించి మనకి చెప్పాల్సిన పని లేదు. వాగు మీద వంతెనకి శంకుస్థాపన రాయి వేసిపోయినోళ్లని చూశాం, రెండు స్తంభాలు లేపి వదిలేసినోళ్లనీ చూశాం, వరదొస్తే మళ్లీ డోలీ కట్టి గర్భిణిని మోసిందీ మనమే. దిగుమతి గ్యాస్ అట్లాంటి వంతెన. వాన లేనప్పుడు దాటొచ్చు. వరద వచ్చిన రోజు ఉండదు.

వరద వచ్చిన రోజు ఏం జరుగుతుందో పాకిస్తాన్ చూపించింది. 2023 ఫిబ్రవరిలో అక్కడి ఇంధన మంత్రి చెప్పాడు, దీర్ఘకాల ప్రణాళికలో ఇక ఎల్ఎన్‌జీ లేదు, సొంత బొగ్గు కరెంటుని 10 గిగావాట్లకి, అంటే నాలుగింతలు పెంచుతాం అని. సొంత బొగ్గు అంటే ఎక్కడిది? సింధ్‌లో థార్ ఎడారిది. అక్కడ ఉండేది ఎవరు? ముస్లిం పశుపోషకులతో పాటు భీల్, కోల్హి, మేఘ్వార్ జనం. భీల్ అంటే మన రాజస్థాన్, మధ్యప్రదేశ్, గుజరాత్‌లో ఉన్న భీల్ ఆదివాసీలే, సరిహద్దు గీత అవతల మిగిలిపోయినోళ్లు. గోరానో అనే ఊరి దగ్గర గనిలోంచి తోడిన నీళ్లు నిలవ చేయడానికి చెరువు కడుతుంటే ఆ ఊరోళ్లు 2016 నుంచి నెలల తరబడి ధర్నా చేశారు. గ్యాస్ ఓడ రాకపోతే దెబ్బ ఇస్లామాబాద్‌లో ఆగలేదు. భీల్ ఊరి పొలం దాకా వచ్చింది.

మన దగ్గర? 2022 వేసవిలో ఎండలు పెరిగి, దిగుమతి బొగ్గు ధర, గ్యాస్ ధర అన్నీ కలిసి మీద పడ్డప్పుడు కేంద్ర పర్యావరణ శాఖ మే నెలలో ఒక ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే 40 శాతం విస్తరణకి అనుమతి ఉన్న బొగ్గు గనులు 50 శాతం దాకా పెంచుకోవచ్చు, మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు అని. దానికి గ్యాస్ ఒక్కటే కారణమని చెప్పను, అది నిజం కాదు. కానీ దేశానికి ఇంధనం ఇబ్బంది వచ్చిన ప్రతిసారీ మొదట ఎగిరిపోయేది మనం మైకు ముందు మాట్లాడే ఆ ఒక్క రోజే అన్నది మాత్రం నిజం. 2024-25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటింది. గ్యాస్ ఓడలు వస్తూనే ఉన్నాయి, బొగ్గు గొయ్యి కూడా పెరుగుతూనే ఉంది. ఒకటి వస్తే ఇంకోటి పోతుందనుకున్నాం. రెండూ కలిసి వచ్చాయి.

అందుకే తమ్ముళ్లకి నా జవాబు ఇది. గ్యాస్ చౌకగా ఉన్నంతకాలం బొగ్గుని పక్కన పెడతారేమో గానీ గనిని మూసేయరు. గ్యాస్ ధర పెరిగిన రోజు మళ్లీ మన ఊరి వైపే చూస్తారు. ఇప్పుడు అమెరికా, ఖతార్ కొత్త ప్లాంట్లు కడుతున్నాయి, ధర తగ్గుతుంది, భయం లేదు అంటున్నారు. ధర తగ్గినప్పుడే భయపడాలి. పాకిస్తాన్, బంగ్లాదేశ్ రెండూ ఇరుక్కుంది ధర తగ్గిన రోజుల్లోనే.

ఓడ బయల్దేరే ఒడ్డున ఎవరున్నారు?

"గ్యాస్ వస్తే ఎవరి చెట్టూ కొట్టనక్కర్లేదు" అన్న మాటలో ఇంకో పొరపాటు ఉంది. మన చెట్టు కొట్టరు. ఇంకొకరి చెట్టు కొడతారు.

ఆఫ్రికాలో మొజాంబిక్ అనే దేశం ఉంది. దాని ఉత్తరం కొసన కాబో డెల్గాడో అనే రాష్ట్రం. దేశంలో పేద ప్రాంతాల్లో అదొకటి. 2010లో అక్కడి సముద్రంలో గ్యాస్ దొరికింది. ఒడ్డున అఫుంగి అనే చోట ప్లాంటు కట్టడానికి ఐదొందలకి పైగా కుటుంబాలని లేపి కితుండా అనే కొత్త కాలనీలో పెట్టారు. ఇళ్లు పక్కావే. కానీ చేపలు పట్టుకునేవాళ్లు సముద్రానికి దూరమయ్యారు, ఇస్తామన్న పొలాల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. పోలవరం పునరావాస కాలనీలు చూసినోళ్లకి ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

అదే రాష్ట్రంలో 2017 నుంచి సాయుధ తిరుగుబాటు నడుస్తోంది. దానికి మతం పేరు పెట్టుకున్న మూకలు ఉన్నాయి, వాళ్ల ఘోరాలని ఎవరూ సమర్థించరు. కానీ ఉద్యోగం లేని కుర్రాళ్లు, పోయిన భూములు, వస్తుందన్న సంపద రాకపోవడం కూడా ఆ మంటకి కట్టెలయ్యాయని అక్కడ పనిచేసిన వాళ్లు చాలామంది చెప్పారు. 2021 మార్చిలో పాల్మా పట్టణం మీద దాడి జరిగింది. ఏప్రిల్‌లో ప్రాజెక్టు నడిపే ఫ్రెంచ్ కంపెనీ టోటల్ పని ఆపేసి వెళ్లిపోయింది. జనానికి వెళ్లడానికి ఇంకో దేశం లేదు. ఆ యుద్ధంలో లక్షలాది మంది ఊళ్లు వదిలారు. 2025 నవంబర్‌లో ఆ ఆంక్ష ఎత్తేసి పని మళ్లీ మొదలుపెడుతున్నామన్నారు.

ఇది మనకెందుకు అంటారా? ఆ ప్రాజెక్టులో మన ప్రభుత్వ రంగ కంపెనీలకి, అంటే ఓఎన్‌జీసీ విదేశ్, భారత్ పెట్రోలియం, ఆయిల్ ఇండియాలకి కలిపి 30 శాతం వాటా ఉంది. అది మన పేరు మీద, మన డబ్బుతో ఉన్న వాటా. ఇక్కడ నిర్వాసితుల కోసం జెండా పట్టుకున్న మనం, అక్కడ మన వాటా కింద నిర్వాసితులైనోళ్ల గురించి ఒక్క తీర్మానం చేశామా? నేనూ చేయలేదు. ఆ ఊళ్ల పేర్లు కూడా నాకు ఈ ఏడాదే తెలిశాయి.

ఇంకో మాట. గ్యాస్ శుభ్రం అన్నది కాల్చే చోట మాత్రమే. బావి దగ్గర, పైపుల్లో, ఓడల్లో కారిపోయే మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకి పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఆ వేడికి వానలు తప్పేది, తునికాకు, ఇప్పపువ్వు దెబ్బతినేది అడవి మీద బతికేవాళ్లకే ముందు.

మరి ఏం చేయాలి?

రేపటి నుంచి గ్యాస్ వద్దు అని నేను అనడం లేదు. అట్లా అంటే అత్త లైన్ ఇంకా పెద్దదవుతుంది. నేను అడిగేవి ఇవి.

ఒకటి. ఇరవై, పాతికేళ్ల గ్యాస్ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు దాని షరతులు పార్లమెంటులో చర్చకి పెట్టాలి. తీసుకోకపోయినా కట్టాల్సింది ఎంత, ఓడ రాకపోతే వచ్చే పరిహారం ఎంత? వ్యాపార రహస్యం అంటే ఒప్పుకోవద్దు. కట్టేది మనం.

రెండు. సోలార్ మన ఊళ్లకి రావాలి, కానీ మనల్ని అడిగి రావాలి. ఇక్కడ మనం కళ్లు మూసుకోకూడదు. అల్లూరి జిల్లాలో కొండల మీద పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు వద్దని ఆదివాసీలు ఆందోళన చేస్తున్నారు. అది కూడా పచ్చ కరెంటు పేరుతోనే వస్తోంది. భూమి గుంజుకునే పద్ధతి మారకపోతే ఇంధనం పేరు మారినా మనకి తేడా ఉండదు. పీసా చట్టం ఉంది, 1997 సమతా తీర్పు ఉంది. గ్రామసభ ఒప్పుకుంటేనే ఏదైనా. ముందుగా స్కూలు మీద, హాస్టల్ మీద, పీహెచ్‌సీ మీద, పోడు బోరు మీద ప్యానెళ్లు పెట్టమనండి. వాటికి ఒక్క గుంట భూమి కూడా అక్కర్లేదు.

మూడు. ఎరువుల గోదాములో ముందు వరస పోడు రైతుకి, కౌలు రైతుకి ఇవ్వాలి. పట్టా లేదని వెనక్కి పంపడం ఆపాలి. కొరత దేశానిదైతే అది ఒక్కరి నెత్తినే పడకూడదు.

నాలుగు, ఇది మనల్ని మనం అడగాల్సింది. మా తాత పోడులో జొన్న, సామ, కొర్ర, కంది కలిపి వేసేవాడు. యూరియా పేరు ఎరగడు. ఆకలి కూడా ఎరుగుదుడు, ఆ రోజులు బంగారం అని చెప్పను. కానీ పత్తి వచ్చాక పొలం మొత్తం ఒకే పంట అయింది, ఒకే పంటకి బస్తా మీద బస్తా కావాలి. కొంత జాగాలోనైనా మళ్లీ కంది, అలసంద కలిపి వేస్తే, పశువుల ఎరువు వేస్తే ఒక బస్తా తగ్గుతుంది. ఒక బస్తా తగ్గితే ఖతార్‌కి ఏమీ కాదు. కానీ మా అత్త లైన్‌లో ఒక రోజు తక్కువ నిలబడుతుంది. చిరుధాన్యాలకి మద్దతు ధర కాగితం మీద ఉంది. మన ఊళ్లో కొనే కేంద్రం లేదు. అది పెట్టించుకోవడం మన చేతిలో ఉన్న పోరాటం.

మొన్న ఆదివారం అత్త ఇంటికి పోయాను. ఇదంతా చెప్పడానికి కూర్చున్నాను. ఖతార్ అంటే ఏంటో చెప్పాను, ఓడ గురించి చెప్పాను. జొన్నరొట్టె చేస్తూ వింది. అన్నీ విని ఒక్కటే అడిగింది. "అయితే అల్లుడూ, ఆ ఓడ వచ్చేదాకా మన చేను ఆగుద్దా?"

ఆగదు అత్తా. అందుకే ఇది రాశాను. వచ్చే వానాకాలానికి ముందే మన మండలంలో ఊరూరా గ్రామసభ పెట్టి పై నాలుగింటి మీద తీర్మానం చేద్దాం. ఏ ఊరు ముందు చేస్తుందో కామెంట్లో రాయండి. నేను మా ఊరి సంగతి చూసుకుంటాను.

జై ఆదివాసీ.